సుత్తి దెబ్బ

మట్టిని ప్లాస్టిక్‌లో కలపడానికి ఇంత చదువెందుకమ్మాయ్ అని పొద్దున అత్తగారు అన్నప్పుడు నవ్వేసి వచ్చేయకుండా చెప్పాల్సింది, అది పెరట్లో మట్టి కాదండీ, పొరలు పొరలుగా విడదీస్తే ఒక్కో రేకు వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు, సరిగ్గా కలిస్తే చిటికెడు చాలు, ప్లాస్టిక్ గట్టిపడుతుంది, బరువు పెరగదు అని, చెబితే మాత్రం, అయితే నా మోకాళ్లకీ ఓ చిటికెడు పట్టుకురా అనేవారు, ల్యాబులో పరీక్ష యంత్రం సుత్తి ఊగుతూ వచ్చి ప్లాస్టిక్ ముక్కని కొట్టింది, టప్, ఇదీ విరిగింది, పొద్దుటి నుంచీ ఫ్యాక్టరీ సరుకులోంచి తీసినవన్నీ ఇదే వరస, తను ల్యాబులో చేసిన శాంపిల్ మాత్రం దెబ్బ తిని కూడా పెళ్లికొడుకులా నిలబడింది, ఎందుకు, మట్టి అదే, ప్లాస్టిక్ అదే, పాళ్లూ అవే.

ల్యాబు ఇన్‌చార్జిగా తన సంతకం లేనిదే లారీ కదలదు, తుఫాను గారు, అంటే ఎప్పుడూ హడావిడిపడే మేనేజరు, ఇప్పటికి నాలుగుసార్లు తొంగిచూశారు, మీ శాంపిల్ పాసైందిగా అమ్మా, ఇంకా ఎన్ని విరగ్గొడతారు, సుత్తికైనా విశ్రాంతి ఇవ్వండి, ఇస్తాను సార్, కానీ అవి హెల్మెట్ గుల్లలు, పూలకుండీలు కావు, మరిది బరువని పాత హెల్మెట్‌ని బండికి తగిలించుకుని తిరుగుతాడు, మీ తేలికది వస్తే నెత్తినే పెట్టుకుంటా వదినా, ఒట్టు, అన్నాడు, వాడు ఒట్టు నిలబెట్టుకుంటే ఏమిటి గతి, విరిగిన అంచుని భూతద్దం కింద పెట్టింది, తెల్లగా ఉండలు, సరిగ్గా కలపని పిండిలా, రేకులు విడిపోకుండా ముద్దలు కట్టి, ప్రతి ముద్ద దగ్గరా పగులు మొదలై, మిక్సరు దగ్గరి అన్నని పిలిచి అడిగింది, ఎన్నిసార్లు తిప్పావన్నా, ఒక్కసారేనమ్మా, అందరం అంతేగా.

అందరం కాదు, తను కాదు, తను మట్టిని ముందు ఆరబెట్టింది, కొంచెం కొంచెం వేసింది, మిక్సరులో రెండోసారీ తిప్పింది, ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా, అది పద్ధతి అని కూడా తోచక ఎక్కడా రాయలేదు, తుఫాను గారు మళ్లీ వచ్చారు, ఏమైందమ్మా, లారీ ఆపండి సార్, మళ్లీ కలపాలి, మరి మీది పాసైంది కదా, అవును, పాసైంది, కానీ సుత్తి దెబ్బని తట్టుకున్నది ఈ సరుకు కాదు, నా ఓపిక, దాన్ని ఎవరి నెత్తినా పెట్టలేం.