ముందు సీటు కింద తడి

నేను ఒక తువ్వాలును. బండారులంకలో మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన అంచుకు ఎర్రచార వేసి, చేత్తో నిమిరి, తడి బాగా పీలుస్తుందని మురిసిపోయాడు. అమలాపురం కొట్లో నన్ను కొన్నది ఇమ్మానుయేలుగారు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన భుజం మీద ఎండలన్నీ చూశాను. ఆయన ఉద్యోగం విరమించేసరికి నా రంగు కూడా వెలిసింది. అప్పుడు నన్ను కారులో పడేశారు.

కారు కూడా నాలాంటిదే, ఎవరో వాడి వదిలేసినది. మాస్టారి భార్య కరుణమ్మగారు పాడతారు. ఆ చుట్టుపక్కల ఏ చర్చిలో పెళ్ళి జరిగినా ఆవిడ పాట ఉండాల్సిందే. ఆవిడను ఊళ్ళకు తిప్పడానికే మాస్టారు ఆ కారు కొన్నారు.

ఆ వేసవిలో కారు వేడెక్కడం మొదలుపెట్టింది. నాలుగు ఊళ్ళు దాటేసరికి ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. రోడ్డు పక్కన ఆపి, చల్లారేదాకా కూర్చుని, నీళ్ళు పోసుకుని బయలుదేరేవారు. పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో తెలిసేది కాదు. బండి కింద నేల పొడిగానే ఉండేది. ఒక మెకానిక్కు రేడియేటరు పూడిపోయిందని కడిగాడు. ఇంకొకడు దాని మూత మార్చాడు. మూడోవాడు సూరిబాబు. నీళ్ళు ఇంజన్లోకే పోతున్నట్టున్నాయనీ, ఇంజన్ విప్పడం కంటే బండి అమ్ముకోవడం మేలనీ అన్నాడు. ముగ్గురూ బానెట్ ఎత్తి చూసినవాళ్ళే. తలుపు తీసి లోపల చూసినవాడు లేడు.

నాకు మాత్రం తెలుసు. ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేది. మాస్టారు నాతో తుడిచేవారు. ఆ ఆవిరికి ఏదో తియ్యటి జిడ్డు వాసన. ఆయన నీళ్ళు పోయడానికి దిగగానే కరుణమ్మగారు నన్ను అందుకుని, తన కాళ్ళ కింద పట్టా మీద గబగబా అద్దేవారు. అక్కడా అదే జిడ్డు, అదే వాసన. ఆవిడ అది గమనించే స్థితిలో లేరు. గర్భసంచి ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆవిడకు దగ్గినా తుమ్మినా ఆపుకోలేని ఇబ్బంది ఉంది. ఆ తడి తనదేననుకున్నారు. నన్ను మడిచి సీటు కిందికి తోసి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. ఒకే తడిని ఇద్దరూ చెరోచోట తుడిచారు. ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకుంటే సరిపోయేది. మనుషులకు నోరుండీ ఇంతే.

కరుణమ్మగారు ప్రయాణం రోజున నీళ్ళు తాగడం మానేశారు. తర్వాత ప్రయాణాలే మానేశారు. రాజోలు పెళ్ళికి పిలిస్తే గొంతు బాగాలేదన్నారు. ఆదివారం చర్చిలో కూడా వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చునేవారట. ఆవిడే రానప్పుడు కారెందుకని, మాస్టారు దాన్ని అమ్మకానికి చూపించడానికి ముమ్మిడివరం ఒక్కరే వెళ్ళారు. దారిలో అది రెండుసార్లు పొగలు కక్కింది. కొంటానన్న మనిషి మొహం చాటేశాడు.

ఆయన తిరిగొచ్చాక నన్ను ఉతకడానికి తీసుకెళ్దామని కరుణమ్మగారు కారు తలుపు తీశారు. తాను కాళ్ళు పెట్టుకునేచోట పట్టా తడిసి ముద్దయి ఉంది. ఆవిడ ఇంకా కిందికి వంగారు. వేలితో ముట్టుకున్నారు. వాసన చూశారు.

"ఏమండీ, ముందు సీట్లో ఎవరినైనా ఎక్కించుకున్నారా?"

"లేదే. ఒక్కణ్ణే వెళ్ళొచ్చాను. ఏం?"

"అయితే ఈ తడి నాది కాదండి. బండిది."

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడావిడ కారు గడప మీదే కూర్చుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి మొత్తం చెప్పారు. పెళ్ళిళ్ళలో నిలబడి పాడుతూ పడిన భయం, దాహంతో ఎండిన గొంతు, వెనక వరస. మాస్టారు నేల చూపులు చూస్తూ విన్నారు.

"బండిని ముగ్గురికి చూపించాను కరుణా," అన్నారు చివరికి. "నీకేమైందని నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

మర్నాడు ఇద్దరూ కారును సూరిబాబు షెడ్డుకు తెచ్చారు. అతను పట్టా ఎత్తి, డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాడు. లోపల హీటరుకు చిన్న రేడియేటరు లాంటిది ఒకటి ఉంటుంది. దాని అతుకు విడిచింది. కూలెంటు మందు కలిసిన ఇంజన్ నీళ్ళు అందులోంచి కారి, కొంత ఆవిరై అద్దానికి పట్టి, మిగతావి పట్టా కిందికి చేరుతున్నాయి. అతను నాతో చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మగారు చెప్పకపోతే నేను ఇంజనే విప్పేసేవాణ్ణండి. మన కోనసీమలో హీటరుతో పనేముందండీ? ఈ గొట్టాలు రెండూ కలిపేస్తే సరిపోద్ది."

కలిపాడు. నీళ్ళు నింపి, ఇంజన్ చాలాసేపు ఆన్‌లో ఉంచాడు. ముల్లు మధ్యలోకి వచ్చి అక్కడే నిలబడింది. రాజోలువాళ్ళు పాడమని మళ్ళీ కబురు పెట్టారని కరుణమ్మగారు మెల్లగా అన్నారు. ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామనీ, ఇలాంటి వాటికి వైద్యం ఉంటుందనీ, డాక్టరమ్మ ఏమంటుందో తానూ పక్కన కూర్చుని వింటాననీ మాస్టారు అన్నారు. ఆవిడ కాదనలేదు.

నన్ను వాళ్ళు షెడ్డులోనే మరిచిపోయారు. సూరిబాబు మేకుకు తగిలించాడు. ఇకమీదట నా బతుకు నూనెలోనూ మసిలోనూ గడుస్తుంది. దానికేం బాధ లేదు, నన్ను నేసింది తుడవడానికే. కారు రోడ్డెక్కింది. లోపల ఇద్దరూ ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు. మలుపు తిరిగేదాకా ఆ మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.