నా మీద పడని అనుమానం

నేను ఒక రాచ్చిప్పను. బలపపు రాతిని తొలిచి చేసిన వంటగిన్నెను. ఒక దొంగతనం కేసులో ఏకైక సాక్షిని. నోరు ఇంత వెడల్పుగా ఉన్నా నన్నెవరూ సాక్ష్యం అడగలేదు.

నన్ను చెక్కినవాడు వేలితో మోగించి, పగులు లేదని చూసుకుని, తీర్థం సంతలో అమ్మేశాడు. కొన్నది రామచంద్రపురం మంగతాయారు. తొమ్మిది రోజులు నాలో గంజి కాచి, ఆముదం పట్టించి, పదో రోజున పులుసు పెట్టింది. సొరకాయ, బెండకాయ, చిలగడదుంప, చింతపండు, బెల్లం. పొయ్యి ఆర్పాక కూడా నాలో కాసేపు కుతకుతలాడుతూనే ఉండేది. అలా నలభై ఏళ్లు.

ఆమె పోయాక పంపకాల్లో నేను పెద్దకూతురు అనసూయ వాటాకు వచ్చాను. తల్లి పక్కన నిలబడి వంట నేర్చుకున్న చిన్నకూతురు వరాలు, "గిన్నె అక్కయ్యనే తీసుకోనీండి" అంది. ఆ మాటే తర్వాత ఆమె కొంప ముంచింది.

కాకినాడలో అనసూయకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ముద్ద మాత్రం దిగడం లేదు. అమ్మ పెట్టే ముక్కల పులుసు కావాలంది. కూతురు సువర్చల పిన్నికి ఫోన్ చేసి, కొలతలు రాసుకుని, నాలోనే వండింది. అనసూయ ఒక్క ముద్ద తిని కంచం జరిపేసింది.

"ఇది కాదు."

మూడుసార్లు ఫోన్. మూడుసార్లు పులుసు. మూడుసార్లూ అదే తీర్పు.

సువర్చల మూడు కాగితాలూ పక్కపక్కన పరిచింది. "అమ్మా, చూశావా? ఇంగువ సంగతి మూడోసారి గానీ చెప్పలేదు!"

"చిన్నప్పట్నుంచీ అది అంతే. ఏదో దాచింది. లేకపోతే గిన్నె అంత తేలిగ్గా వదులుతుందా? ఈసారి కుదరకపోతే దానికీ నాకూ ఇక మాటల్లేవు."

స్టవ్ మీద కూర్చుని అంతా విన్నాను. దొంగ ఎవరో నాకు తెలుసు. ఆ గదిలోనే ఉంది.

సువర్చల వల పన్నింది. వచ్చి నీ చేత్తో వండిపెట్టమని పిన్నిని పిలిచింది. వరాలు మధ్యాహ్నం బస్సులో దిగింది.

"సంచీలో ఏముంది పిన్నీ?"

"తువ్వాలే తల్లీ. సోదా చేస్తావా ఏంటి?"

సువర్చల నవ్వలేదు. వరాలు పిడికిలి మూసినప్పుడల్లా మెడ సాచి చూసింది. పులుసు దిగింది. వరాలు అరచేతిలో చుక్క వేసుకుని నాకింది. మొహం పాలిపోయింది.

అనసూయ రుచి చూసింది. "మా కళ్లముందు కూడా దాచావు కదే, వరాలూ!"

వరాలు పులుసు వేరే గిన్నెలోకి వంపి, నాలో మంచినీళ్లు పోసి మరిగించింది. వట్టి నీళ్ల మీద తెల్లగా నురగ తేలింది.

"దీన్ని దేంతో తోముతున్నావే?"

సువర్చల గర్వంగా గట్టు చివరనున్న ఆకుపచ్చ సీసా చూపించింది. "అమ్మమ్మ దగ్గర్నించి వచ్చినప్పుడు ఎంత జిడ్డు పిన్నీ! ఆ లిక్విడ్ పోసి, గంటసేపు నానబెట్టి తోముతున్నా."

"రాయే అది! తాగేస్తుంది. అమ్మ వేణ్ణీళ్లూ కొబ్బరిపీచూ తప్ప ఏదీ తగలనిచ్చేది కాదు."

"మరి చెప్పలేదేం?"

"కొలతలు అడిగావు గానీ, తోమడం అడిగావా?"

అనసూయ చాలాసేపు నా వంకే చూసింది. "నలభై ఏళ్ల పులుసుని నా కూతురు నెల్రోజుల్లో కడిగి పారబోసిందన్నమాట." తర్వాత గొంతు తగ్గించి, "వరాలూ, ఆ సంచీ లోపల పెట్టు" అంది.

మళ్లీ తొమ్మిది రోజులు గంజి. పదో రోజున పులుసు. అనసూయ కంచం తుడిచినట్టు తిని, మారు అడిగింది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. మనుషులు అంతే, తప్పు ఒప్పుకోవడం కంటే మరో గరిటె వేయించుకోవడం వాళ్లకు సులువు.

వరాలు ఇప్పుడు నెలకోసారి వస్తుంది. ఆమె ఇంగువ వేసేటప్పుడు సువర్చల ఇప్పటికీ ఆ పిడికిలి వంక చూస్తుంది. నేను మాత్రం ఆ సీసా వంక చూస్తాను. స్టీలు గిన్నెల కోసమని గట్టు మీదే ఉంచారు. నిమ్మకాయ వాసన వేస్తూ, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.