లైటు వెలుగుతోంది కదా

మా బావకు తెలియని విషయం లోకంలో లేదు. ఆయనకు అన్నీ తెలుసన్న సంగతే లోకానికి తెలియదు. ఒక బీమా కంపెనీలో కంప్యూటర్లు కొనే విభాగంలో పనిచేస్తాడు. అట్టపెట్టెలు దిగినప్పుడు కాగితం మీద సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. పెట్టెలు విప్పి లోపలున్నదాన్ని పనిచేయించేది వేరేవాళ్లు. అయినా ఇరవై ఏళ్లు ఆ పెట్టెల పక్కన నిలబడ్డాడు గనుక, అందులోని విద్య అంతా అట్టలోంచి చెమ్మలా తనలోకి ఇంకిపోయిందని ఆయన నమ్మకం. వీధిలో ఎవరో వెటకారంగా 'సిస్టమ్స్ సార్' అన్నారు. ఆయన దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు.

మా అక్క పని వేరు. చూపులేని విద్యార్థుల కోసం ఒక లైబ్రరీ ఉంది. ఆ లైబ్రరీకి అక్క ఇంటి దగ్గరే కూర్చుని పుస్తకాలు తయారుచేస్తుంది. అచ్చుపుస్తకం కుట్టు విప్పి ఒక్కో పేజీనీ స్కాన్ చేస్తుంది. కంప్యూటర్ ఆ బొమ్మలోంచి అక్షరాలు ఏరుతుంది. అది ఏరడంలో చేసిన తప్పులన్నీ అక్క దిద్దుతుంది. ఆ తర్వాత వాళ్ల కంప్యూటర్లు దాన్ని పైకి చదివి పిల్లలకు వినిపిస్తాయి. ముందు గదిలో ఒక బల్ల, దాని మీద కంప్యూటర్, పక్కన పలకంత పలచని స్కానర్. ఆ స్కానర్‌కు వేరే కరెంటు తీగ లేదు. ఒక్క యూఎస్‌బీ కేబులే దానికి తిండీ, మాటా రెండూ.

ఆ శనివారం నాకు సెలవు. నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. అక్కకు సాయం చేద్దామని తొమ్మిదింటికే వెళ్లాను. ఫిజియోథెరపీ పుస్తకం, ఆఖరి అధ్యాయం, నలభై పేజీలు మిగిలాయి. మధ్యాహ్నం మూడుకల్లా అందాలి. సోమవారం నుంచి విద్యార్థులు దాన్ని విని పరీక్షకు చదువుకుంటారు.

అక్క స్కానర్ మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. తెర మీద అదే మాట: 'స్కానర్ కనబడలేదు.'

"నిన్న?" అన్నాను.

"నిన్న దిద్దడమే చేశాను, స్కాన్ చెయ్యలేదు. మొన్న పొద్దున బానే ఉంది."

బావ అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. తెర వైపు ఒక్క చూపు చూశాడు. డాక్టరు రోగిని గుమ్మంలోంచే చూసి పెదవి విరిచినట్టు.

"లే," అన్నాడు అక్కతో.

అక్క లేచింది. బావ కుర్చీలో కూర్చుని వేళ్లు విరుచుకున్నాడు.

"ఏం నొక్కావు?"

"ఏమీ నొక్కలేదండీ."

"ఏమీ నొక్కకపోతే ఎందుకు పోతుంది? దానికేమన్నా నీ మీద పగా? ఏదో నొక్కి ఉంటావు, గుర్తుండదు." నా వైపు తిరిగాడు. "ఆడవాళ్లతో వచ్చిన చిక్కే ఇది, మరదలా. యంత్రానికి ఓర్పు కావాలి."

ఓర్పు గురించి చెబుతూ ఎంటర్ బటన్‌ను తొమ్మిదిసార్లు పొడిచాడు.

ముందు కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించాడు. ఫలితం లేదు. స్కానర్‌ను వెనక పోర్టులోంచి తీసి ముందు పోర్టులో పెట్టాడు. లేదు. తర్వాత లోపలెక్కడికో వెళ్లి, కంప్యూటర్‌కు తగిలించిన వస్తువుల జాబితా ఒకటి తెరిచాడు. అందులో స్కానర్ అన్న మాటే లేదు. "చూశావా, లోపల ఎంత చెత్త పేరుకుందో!" అంటూ ముందు స్కానర్ సాఫ్ట్‌వేర్‌ను తీసేశాడు. తర్వాత ఆ జాబితాలో యూఎస్‌బీ అని కనిపించిన ప్రతిదాన్నీ వరసగా తీసేయడం మొదలుపెట్టాడు. మూడోది తీసేసరికి ఆయన చేతిలో మౌస్ చచ్చిపోయింది. కీబోర్డూ మూగబోయింది. మౌసూ కీబోర్డూ కూడా యూఎస్‌బీతోనే బతుకుతున్నాయన్న సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. తెలిసినట్టు మాత్రం ఒప్పుకోలేదు.

"వైరస్," అన్నాడు గంభీరంగా.

నవ్వు ఆపుకోవడానికి నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్క వంగి పవర్ బటన్ పట్టుకుని కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వెలిగించింది. మౌసూ కీబోర్డూ లేచి కూర్చున్నాయి. "ఆ, నేనూ అదే చెప్పబోతున్నా," అన్నాడు బావ.

అక్క స్కానర్ వెనక్కి వంగి చూసింది. "ఏమండీ, ఈ కేబుల్ నాది కాదు. నాది ఇంతకన్నా లావుగా ఉంటుంది."

"లైటు వెలుగుతోంది కదా?"

"వెలుగుతోంది."

"వెలుగుతోందంటే కరెంటు వస్తోంది. కరెంటు వస్తోందంటే కేబుల్ బాగుంది. దీన్ని లాజిక్ అంటారు. నీ వంటింట్లో దొరకదు."

అక్క పేజీల వైపు తిరిగింది. నేనే అన్నాను, "కాసేపు ఇంకో కేబుల్ పెట్టి చూస్తే పోయేదేముంది, బావా?"

"నువ్వు రక్తాలు చూసుకో, తల్లీ."

పదిన్నరకు స్కానర్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. తన ప్రతాపం మేమూ వినాలని స్పీకర్ పెట్టాడు. అవతల ఒకావిడ, నెమ్మదైన గొంతు.

"సార్, వేరే కేబుల్‌తో ప్రయత్నించారా?"

"ఆ, చేశాం."

నేను అక్క వైపు చూశాను. అక్క పేజీలు సర్దుకుంటోంది.

"సార్, కొన్ని కేబుల్స్ ఫోన్ ఛార్జింగ్‌కే పనికొస్తాయండీ. వాటితో స్కానర్ లైటు వెలుగుతుంది కానీ సమాచారం వెళ్లదు. అందుకే అడుగుతున్నాను. స్కానర్‌తో పాటు వచ్చిన కేబులే వాడుతున్నారా?"

"మేడమ్, నేను ఇరవై ఏళ్లుగా సిస్టమ్స్‌లో ఉన్నాను. కేబుల్ గురించి నాకు పాఠం చెప్పకండి. పైవాళ్లకివ్వండి."

"తప్పకుండా సార్. ఒక్కసారి కేబుల్ మార్చి..."

"మార్చామని చెప్పానా లేదా?"

పచ్చి అబద్ధం. పైగా ఏ లాభమూ లేని అబద్ధం. మనిషి దొంగతనం చేసి అబద్ధమాడితే అర్థముంది. ఒక తీగ మార్చి చూడటం చిన్నతనమని అబద్ధమాడేవాణ్ణి ఆ రోజే చూశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫోన్ పెట్టేసి, "వీళ్లకేమీ తెలీదు, ఎవరో రాసిచ్చింది చదువుతారు," అని తీర్పిచ్చాడు.

తర్వాత రెండో తీర్పు. "ఇక లాభం లేదు. ఫార్మాట్ కొట్టేద్దాం."

ఫార్మాట్ అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేయడం. అక్క నాలుగు నెలలు కళ్లు చిట్లించుకుని దిద్దిన పదకొండు అధ్యాయాలూ అందులోనే ఉన్నాయి. "బావా, మతిపోయిందా!" అని లేచాను. అక్క నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"దానికి పెన్‌డ్రైవ్ ఏదో కావాలి కదండీ?" అని అడిగింది, ఎంతో వినయంగా.

"కావాలి. మా ఆఫీసు స్టోర్‌కీపర్ దగ్గరుంది. ఇక్కడే, నాలుగు వీధుల అవతల." చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెద్ద ఆపరేషన్‌కు పరికరాలు తేవడానికి వెళుతున్నవాడిలా బయల్దేరాడు.

తలుపు పడగానే అక్క పడకగదిలోకి వెళ్లింది. తలుపు వెనక తగిలించిన ఆయన ఆఫీసు బ్యాగు దించి, పక్క జేబు తెరిచింది. అందులో పొద్దున నడకకు వెళ్లేటప్పుడు ఆయన పాటలు వినే చిన్న యంత్రం ఉంది. దానికి తగిలించి అక్క కేబుల్.

జరిగిందేమిటో నిలబడ్డచోటే అర్థమైంది. గురువారం రాత్రి ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నది అక్కకు గుర్తే; పాటలు ఎక్కించుకోబోయాడు. తన ఛార్జర్ తీగతో పాటలు ఎక్కలేదు. స్కానర్ కేబుల్ పీకి పెట్టాడు, ఎక్కాయి. ఎందుకెక్కాయని ఒక్క క్షణమైనా అనుకోలేదు. తన పనికిరాని తీగను స్కానర్‌కు తగిలించి పోయాడు. సరిగ్గా ఈ తేడా తన చేతుల్లోనే తేలిన మనిషి, పొద్దుట్నుంచీ మాకు లాజిక్ చెబుతున్నాడు.

అక్క కేబుల్ తగిలించింది. కంప్యూటర్ చిన్నగా 'టుంగ్' అంది. బావ తీసేసిన సాఫ్ట్‌వేర్ తాలూకు ఫైలు అక్క దగ్గర ఎప్పుడూ దాచే ఉంటుందట. పది నిమిషాల్లో ఎక్కించింది. దిద్దిన అధ్యాయాలన్నీ తన పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీసి జాకెట్లో దోపుకుంది. బావ వచ్చేసరికి మేం ఆరో పేజీలో ఉన్నాం.

"వచ్చేసిందండీ. మీరు చేసిందేదో ఆలస్యంగా పట్టినట్టుంది," అంది అక్క.

నేను నోరు తెరిచాను. అక్క నా వైపు చూడకుండానే నా చేతిలో ఏడో పేజీ పెట్టింది.

బావ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "అంతే మరి. లోపల చెత్త తీసేస్తే తేరుకోడానికి దానికీ టైము పడుతుంది." అంతటితో ఊరుకుంటే బావ ఎందుకవుతాడు? మళ్లీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, ఆవిడనే పిలిపించి, "ఇలాంటి కేసు మళ్లీ వస్తే ఏం చెయ్యాలో చెబుతాను, రాసుకోండి," అన్నాడు. ఆవిడ రాసుకుంటున్నానంది. ఆ గొంతులో విసుగు నాకు వినబడింది, ఆయనకు వినబడలేదు. తర్వాత క్షవరానికి వెళ్లాడు.

"ఎందుకక్కా?" అని పేలిపోయాను. "అంత భయమా నీకు?"

"ఎవరంటే? ఆయనంటేనా?" అక్క నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

అక్క పేజీ సరిచేసి మూత వేసింది. "పెళ్లయిన కొత్తలో చెప్పేదాన్ని. ఏడ్చి చెప్పాను, అరిచి చెప్పాను. ఓసారి పళ్లెం కూడా విసిరాను, నీకు తెలీదు. మనిషి వింటాడనుకున్నన్నాళ్లూ కోపం వస్తుందే. ఇప్పుడు రాదు. కుళాయి కారుతుంటే కింద బకెట్ పెట్టుకుంటాం గానీ కుళాయితో పోట్లాడం కదా."

అక్కను మెతక మనిషి అనుకునేదాన్ని. నేను బావను లోలోపల తిట్టుకుంటున్నానంటే, ఆయన్ను ఇంకా మనిషి కింద జమకట్టినట్టే. అక్క ఆ మెట్టు ఎప్పుడో దాటిపోయింది.

అయినా నా నోరు ఊరుకోలేదు. ఒంటిగంటకు బావ నున్నటి గడ్డంతో వచ్చి, మెట్ల మీద కింది వాటా ఆయనకు వైరస్ కథ చెప్పి మరీ లోపలికి అడుగుపెట్టాడు. నేను రెండు కేబుళ్లూ పట్టుకుని నిలబడ్డాను.

"బావా, ఇలా చూడండి." సన్న తీగ పెట్టాను. లైటు వెలిగింది, స్కానర్ కనబడలేదు. లావు తీగ పెట్టాను. టుంగ్. మళ్లీ సన్నది. మళ్లీ లావుది. "ఇది మీ బ్యాగులో ఉంది. మీరే తీశారు."

బావ తెర వైపు చూశాడు, తీగల వైపు చూశాడు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలింది. అంతలోనే సర్దుకుంది.

"చూశావా మరి!" అన్నాడు. "నేను లోపల క్లీన్ చేశాక మంచి కేబుల్ ఏదో చెడ్డ కేబుల్ ఏదో కనిపెట్టే తెలివి దానికి వచ్చింది. ఇదివరకు ఆ తేడా కూడా తెలీదు పాపం."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడి గురించి విన్నాను. నాలుగో కాలు చేతికిస్తే అది కూడా తన గొప్పే అనేవాణ్ణి అదే మొదటిసారి చూడటం. చేతిలో తీగలు పట్టుకుని చవటలా నిలబడిపోయాను. అక్క తల ఎత్తలేదు. 'భుజం కీలు' అన్నచోట కంప్యూటర్ 'భుజం కీడు' అని ఏరింది, దాన్ని దిద్దుతోంది.

రెండుంపావుకు ఆఖరి పేజీ అయింది. అక్క ఆ అధ్యాయాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫోన్ తీసి లైబ్రరియన్ గారికి చేసింది. పుస్తకం ఈమెయిల్‌లో పంపుతున్నానని చెబుతుందనుకున్నాను.

"మేడమ్, కిటికీ పక్క బల్ల ఇంకా ఖాళీగానే ఉందా?... అవునండీ, ఒప్పుకుంటున్నాను. ఇకనుంచి అక్కడికే వచ్చి చేస్తాను. ఇవాళే వస్తున్నా, స్కానర్ కూడా తెస్తున్నా."

ఆర్నెల్లుగా వాళ్లు రమ్మంటున్నారని, ఇంటి పని సాకు చెప్పి అక్క దాటవేస్తోందని నాకు అప్పుడే తెలిసింది. నా ప్రదర్శన వల్ల మనసు మారిందో, ఫార్మాట్ అన్న మాటకే మారిందో అడగలేదు.

"మంచి పని. నేనే చెబుదామనుకుంటున్నా. అక్కడైతే సరైన నెట్‌వర్క్ ఉంటుంది," అన్నాడు బావ. "ఏదన్నా తేడా వస్తే నాకు ఫోన్ చెయ్యి."

"అలాగేనండీ," అంది అక్క. "భోజనం మూతపెట్టి ఉంది, వడ్డించుకోండి."

స్కానర్‌ను పాత దుప్పటిలో చుట్టి నేను పట్టుకున్నాను. పుస్తకం, పెన్‌డ్రైవ్, కేబుల్ అక్క దగ్గర. రెండు బస్సులు మారి మూడుకు ఐదు నిమిషాల ముందు చేరాం. లైబ్రరియన్ గారు బల్ల చూపించారు. మంచి వెలుతురు. పక్క బల్ల దగ్గర చూపులేని ఒకావిడ చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏదో పాఠం వింటోంది. అక్క కుర్చీ ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంది. సొరుగు తెరిచి మూసింది. వచ్చే పుస్తకం ఏదని అడిగి, అప్పుడే దాన్ని పుచ్చుకుని మొదటి పేజీలు తిరగేసింది.

అయిదింటికి తాళం వేస్తామని చెప్పేదాకా మేం కదల్లేదు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం.

"రేపు ఆదివారం కదూ," అంది అక్క, దారి వైపు చూస్తూ. "రేపు తెరవరు."

పొద్దుట్నుంచీ అన్ని మాటలు పడినా చెక్కుచెదరని ముఖం, ఆ ఒక్క మాటకు చిన్నబోయింది.