బొంత కోటు

మా తమ్ముడు రిషికి సిగ్గు లేదు. ఈ మాట ముందే అనేస్తే నాకు కొంచెం తేలిక.

ఊళ్లమీద పడి పాత బొంతలు ఏరుకొచ్చి, కత్తిరించి, కోట్లు కుట్టించి పంజాగుట్టలో అమ్ముతాడు. పదిమంది చంటిపిల్లలు తడిపిన బొంతను మెడదాకా గుండీలు పెట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే నాకు రోత పుట్టేది. పోనీలే, వాడి బతుకుతెరువు అని ఊరుకునేదాన్ని.

పోయిన నెల అమీర్‌పేటలో మా ఇంటికొచ్చి, అమ్మ కప్పుకునే బొంతను "ఉతికిచ్చి తెస్త" అని పట్టుకుపోయాడు. నానమ్మ చీరలు, మా నాన్న పంచెలు ఒకదానిమీద ఒకటి పరిచి అమ్మ చేత్తో కుట్టిన బొంత అది. అది లేక అమ్మకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఎండలేదమ్మా" అనేవాడు. చివరికి నేనే అమ్మను ఆటో ఎక్కించి వాడి దుకాణానికి తీసుకెళ్లాను.

అద్దాల వెనక బొమ్మకు తొడిగి ఉంది మా బొంత. చేతులు, కాలరు, జేబులు. మెడలో ఒక అట్టముక్క: "గడీలో దొరసానులు కప్పుకున్నది." మా నానమ్మ మా ఊరి దొర ఉండే ఆ గడీలో వాకిలి ఊడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మకు చదువు రాదు. బొమ్మ వెనక్కి వెళ్లి ఆగిపోయింది. కోటు వీపు మీద ఎర్రపూల పసుపు గుడ్డ ఒకటి అతికించి ఉంది.

"గిది లోపల ఉండాలె," అంది.

"నడిమి పొరల దొరికిందమ్మా. మస్తుందని పైకి తెచ్చినం," అన్నాడు రిషి.

"చిలకమ్మ గౌను రా."

చిలకమ్మ నాకంటే ముందు పుట్టి, మూడేళ్లకే కామెర్లతో పోయిన అక్క.

"పోయిన పిల్ల బట్టలు ఇంట్ల ఉండొద్దని మీ నాయిన అన్నీ పారేపిచ్చిండు. గిదొక్కటి దాసిన. ఎవ్వలకు కనవడొద్దని నడుమ పెట్టి కుట్టిన. గిన్నేండ్లు దానిమీద చెయ్యేస్కొనే పండుకున్న."

ఆ సంగతి నాన్నకు చివరిదాకా తెలియదు. నాకూ ఇప్పుడే తెలిసింది.

రిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోటు విప్పి అమ్మ చేతిలో పెడతాడనుకున్నాను. ఫోన్ తీశాడు.

"అమ్మా, గీ ముచ్చటనే జర మొదటికెల్లి మళ్ల చెప్పవా? గా బొమ్మ పక్కన నిలవడు. మస్తుగ పోతది వీడియో."

వీడూ నేనూ ఒకే కడుపున పుట్టామంటే నా మీద నాకే అసహ్యం వేసింది. వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుందామని ముందుకెళ్లాను.

అమ్మ అప్పటికే కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఒక చెయ్యి గౌను మీద అలాగే ఉంచి, రెండో చేత్తో జుట్టు సవరించుకుంది.

"ఎటు సూడాలె, బిడ్డా?" అంది.