కుస్క్ పుట్టిన ఊరు

స్వీడిష్ భాషలో గుర్రబ్బండి తోలేవాణ్ణి ‘కుస్క్’ అంటారు. ఆ ఒక్క ముక్కతో మెర్సీ రెండు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటోంది. మాదాపూర్‌లోని ఆమె ఆఫీసు స్టాక్‌హోం కంపెనీ ఒకదానికి నిఘంటువు తయారుచేస్తుంది. ఆమె ఆరు నెలల ప్రొబేషన్ ఈ శుక్రవారంతో ముగుస్తుంది. ఆలోగా తన పదాల్లో సాఫ్ట్‌వేర్ తప్పని పెట్టే ఎర్ర చుక్క ఒక్కటి మిగిలినా ఉద్యోగం ఖాయం కాదు.

వ్యాకరణం చిటికెలో అయిపోయింది. ఎవడో ఒకడైతే కుస్క్, ఫలానా వాడైతే కుస్కెన్, పదిమందైతే కుస్కార్. చిక్కంతా ఆ మాట పుట్టుక దగ్గరే. హంగరీలో కోచ్ అనే ఊరి బండ్లు పేరుపడ్డాయి, ఆ పేరు జర్మన్‌లోకి వెళ్ళింది, అక్కణ్ణించి స్వీడన్ చేరింది. మన రైలు కోచ్‌కీ ఆ ఊరే పుట్టిల్లు. ఇది తెలిసిన రోజు మెర్సీ లంచ్ బాక్సు తెరవడమే మరిచిపోయింది. కానీ సాఫ్ట్‌వేర్‌లోని భాషల జాబితాలో హంగేరియన్ లేదు. ఎలా రాసినా ఎర్ర చుక్కే.

టీమ్ లీడ్ శివశంకర్‌కి స్వీడిష్ అక్షరమ్ముక్క రాదు, చుక్కల రంగు మాత్రం బాగా తెలుసు. పొగడ్తైతే అందరికీ మెయిల్ పెడతాడు. తప్పుడు పని చేయించాలంటే కుర్చీ పక్కకొచ్చి మెల్లగా చెబుతాడు. సోమవారం అలాగే వచ్చాడు.

“ఏందమ్మా, గా హంగరీతోని మనకేం పని? జర్మన్ అని పెట్టు, పచ్చగైతది.”

“సగం అబద్ధమవుతుందండి.”

“ఎవడు చూస్తడు? నీ కన్ఫర్మేషన్ సంగతి చూస్కో.”

మెర్సీ పళ్ళు నూరుకుంటూ ఊరి పేరు చెరిపేసింది. చుక్క పచ్చబడింది.

బుధవారం స్టాక్‌హోం నుంచి అందరికీ మెయిల్ వచ్చింది. కోచ్ ఊరు ఏమైంది, ఎవరు తీసేశారని. శివశంకర్ నిమిషంలో జవాబిచ్చాడు, ఆ పదం మెర్సీ చేసిందనీ ఇకపై తాను దగ్గరుండి చూస్తాననీ. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. అడుసు తొక్కించినవాడు హాయిగా ఉన్నాడు, కాళ్ళు కడుక్కోవడం ఈమె వంతైంది. మెర్సీకి కోపంతో ఏడుపొచ్చింది. అతని మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం. కోచ్‌ను తిరిగి రాసింది. చుక్క మళ్ళీ ఎర్రబడింది.

గురువారం మరో పదానికి ఎర్ర చుక్క పడింది. శివశంకర్ వచ్చి వంగాడు.

“మెర్సీ, గిది గూడ జర తీసెయ్.”

“అలాగేనండి. ఆ మాటే మెయిల్లో పెట్టండి సార్, అందరికీ.”

అతను తన సీటుకు వెళ్ళిపోయాడు. మెయిల్ రాలేదు. శుక్రవారం సాయంత్రం ఆమె పేరు పక్కన రెండు ఎర్ర చుక్కలున్నాయి. మెర్సీ వాటిని ముట్టుకోకుండా కంప్యూటర్ కట్టేసింది.