అంచు మీద వేలు

తమ ఆసుపత్రి లైబ్రరీలో లేని వ్యాసాన్ని పక్క ఊరి లైబ్రరీ నుంచి తెప్పించి ఇవ్వడం చెల్లెలి ఉద్యోగం. ఆ పక్క ఊళ్లో కూర్చుని అదే వ్యాసాన్ని స్కాన్ చేసి పంపడం అక్క ఉద్యోగం. మొన్న వానాకాలం దాకా ఇద్దరూ కంప్యూటర్లలోనే పలకరించుకునేవారు. ఆ వానల్లోనే జ్వరమొచ్చి అక్క పోయింది. ఆ కుర్చీలో ఇప్పుడెవరో కొత్తాయన.

చెల్లెలికి పని నేర్పింది అక్కే. కాపీరైటు మాటొస్తే ఆవిడ నిప్పు. స్కాన్ కోసం వచ్చిన లింకు ఒక్కసారే తెరుచుకుంటుంది. ఒక్క ప్రింటు తీయగానే ఫైలు దానంతటదే చెరిగిపోతుంది. ఆ ప్రింటు అడిగినవాళ్లకే చెందుతుంది. ఒకవేళ పేజీ పాడైతే, పాతది చింపేశామని మాట ఇచ్చాకే కొత్తది పంపుతారు.

లావుపాటి బైండు పుస్తకం తెరిస్తే నడుమ పేజీ ఉబ్బుతుంది. అక్క దాన్ని బొటనవేలితో అదిమిపట్టి స్కాన్ చేసేది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి రెండుగా చీలిన ఆ గోరు కాగితం అంచున కనిపించేది.

"నీ వేలికి కూడా కాపీరైటు ఉందా అక్కా?" అని చెల్లెలు ఏడిపించేది.

"పిచ్చిమొహమా! అక్షరం రాసినవాడిది, కాయితం చదివేవాడిది. మనకి మిగిలేది ఆ తెల్ల అంచేనే" అనేది అక్క.

ఆ రోజు పిల్లల డాక్టరమ్మ అడిగిన పాత వ్యాసం వచ్చింది. ప్రింటరులోంచి వచ్చిన చివరి కాగితాన్ని చెల్లెలు వెలుతురులోకి తిప్పి చూసింది. పేజీ అడుగున బొటనవేలు. చీలిన గోరు.

వెంటనే పక్క ఊరి లైబ్రరీకి ఫోను చేసింది.

"పాత స్కాన్లేమైనా దాచి ఉంచారాండీ?"

"అలా దాచకూడదని మీకు తెలీదా? పొద్దున్న నేనే పుస్తకం తీసి చేశాను" అన్నాడు కొత్తాయన.

"దాంట్లో వేలు పడిందండీ."

"వేలా? మా కొత్త మెషీనుకి పైన అద్దం ఉంది, పేజీని అదే అదుముతుంది. చెయ్యి పెట్టే పనే లేదు."

చెల్లెలికి భయం వేసింది. ఆ భయం వెనకే సిగ్గులేని ఆశ కూడా తల ఎత్తింది.

అంతలో డాక్టరమ్మ వచ్చి కాగితం అందుకుంది. "ఇదేంటండీ, మందెంత ఇవ్వాలో రాసిన లైను మీదే వేలుంది! వార్డులో పిల్లాడికి ఇవాళే మొదలుపెట్టాలి. ఇంకోటి తెప్పించరూ?" అని ఆ కాగితం బల్ల మీదే వదిలి వార్డుకు పరుగెత్తింది.

తెప్పించాలంటే ఇది చింపాలి. ఇంట్లో ఉన్న ఫోటోల్లో అక్క ముఖమే తప్ప చేతులు లేవు. తనకు తల దువ్విన చేతులవి, జ్వరమొస్తే నుదురు తడిమిన చేతులవి. వేలు మట్టుకు కత్తిరించుకుని, అంతా చింపేశానంటే ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ వేలు అక్షరాల మధ్య ఉంది, అంచు మీద కాదు. పైగా అబద్ధమాడితే అక్క చచ్చినా ఊరుకునే రకం కాదు. పోయాక కూడా ఊరుకోలేదనడానికి ఈ కాగితమే సాక్ష్యం కదా.

చెల్లెలు కళ్లు మూసుకుని చింపేసింది. తన వేలే తెగినట్టు చురుక్కుమంది. ముక్కలు బుట్టలో వేసి, చింపేశామని కబురు పంపి, మళ్లీ అడిగింది.

కాసేపటికి లింకు వచ్చింది. ప్రింటు తీసింది. ఈసారి ప్రతి లైనూ తేటగా ఉంది. మందు లెక్క చక్కగా కనిపిస్తోంది.

వేలు మాత్రం పోలేదు. పక్కకి జరిగింది. తెల్లటి అంచు మీద, ఒక్క అక్షరాన్నీ తాకకుండా, ఒద్దికగా ఉంది.

"అక్కా!" అంది చెల్లెలు, బయటికే. చదువుకుంటున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఆమె ఎవరినీ పట్టించుకోకుండా ఏడ్చింది. ఏడ్చి, కత్తెర తీసి, అంచు వరకే జాగ్రత్తగా కోసింది.

డాక్టరమ్మ తిరిగొచ్చి కాగితం తిప్పి చూసింది. "అంచు కోశారేం?"

"అందులో అక్షరాలేం లేవండీ."

డాక్టరమ్మ మందు లైను చదువుకుంటూనే వార్డు వైపు పరుగెత్తింది.

చెల్లెలు ఆ సన్నటి ముక్కను తన గుర్తింపు కార్డు వెనక దోపుకుంది. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. ప్రింటరు వేడి కాబోలనుకుంది. సాయంత్రం ప్రింటరు కట్టేసి, తలుపుకు తాళం వేసి, బస్సులో కూర్చుని కార్డు వెనక తడిమి చూసింది. అప్పటికీ అది వెచ్చగానే ఉంది.