జానకీదేవి గారి వ్యాపారం

“నువ్వెళ్ళి మాట్లాడు. ఆడమనిషి ఎదురుగా ఉంటే వాడు నోరు పారేసుకోలేడు,” అన్నాడు శ్రీనివాసరాజు, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి గుమ్మం వైపు నడుస్తూ.

జానకీదేవి రొయ్యలు ఒలుస్తోంది. వేళ్ళనిండా నీచు వాసన. మొగుడి మాట విని చేతిలో రొయ్య అలాగే పట్టుకుని తలెత్తి చూసింది. కోడలిగా ఈ ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ముందు వరండాలోకి వెళ్ళకూడదని ఆమెకి కట్టడి. పాలవాడితోనైనా సరే, తలుపు చాటునుంచే మాట్లాడాలి. రాజుల ఇళ్ళలో ఘోషా ఎప్పుడో పోయిందని భీమవరంలో అందరూ అంటారు. ఈ ఇంట్లో మాత్రం అత్తగారు పోయినా ఆవిడ పెట్టిన పద్ధతి పోలేదు. “మా ఆడవాళ్ళు ముందుకి రారండి” అని మొగుడు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకోవడం వంటింట్లోంచి ఎన్నిసార్లు విందో. అంతటి పద్ధతీ అప్పు వసూలుకొచ్చినవాడు గేటు తీసిన చప్పుడికి ఎగిరిపోయింది. ఇంటి పరువు కూడా తనే మోయాలి, అప్పులవాణ్ణీ తనే ఎదుర్కోవాలి, బావుంది వరస అనుకుంటూ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది.

వరండాలో నిలబడగానే ముందు ఆమెకి అప్పు గుర్తు రాలేదు. ఎదురుగా కాలవ, గట్టు మీద స్కూటర్లు, ఐస్ డబ్బాలు వేసుకుని పోతున్న ఆటోలు, నెత్తిన గడ్డిమోపుతో నడిచే ఆడవాళ్ళు. లోపలినుంచి చప్పుడుగా మాత్రమే తెలిసినవన్నీ ఇక్కడ మనుషులై కదులుతున్నాయి. ఇదంతా ఇన్నేళ్ళూ ఆయనొక్కడే చూశాడా అని ఈర్ష్య పుట్టింది.

“జానకీదేవి గారూ!” అని అరిచాడు వచ్చినవాడు, ఎదురింటిదాకా వినబడేలా. పేరు యుగంధర్ట. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో ఏదో ఫైనాన్స్ కంపెనీ కార్డు. అడక్కుండానే రాజుగారి పేము కుర్చీలో కూర్చున్నాడు. “రొయ్యల మేత వ్యాపారం పెడతానని అప్పు తీసుకున్నారు. వాయిదాలు ఎగ్గొట్టి ఇంట్లో దాక్కుంటే ఎలాగండి?”

“వ్యాపారమా? నేనా?”

“ప్రొప్రైటరు మీరే కదండీ.”

జానకీదేవికి భయం వేయాల్సిన చోట కుతూహలం పుట్టింది. ఇంట్లో ఆమెని పిలిచేది ఏమే అని, మంజు వాళ్ళమ్మ అని, చిన్నొదిన అని. ఈ జానకీదేవి గారెవరో ఏకంగా వ్యాపారమే పెట్టింది. “షాపు ఎక్కడండీ?” అని అడిగింది, నిజంగానే తెలుసుకుందామని.

“నన్నడుగుతారేంటండి?”

“బాగా సాగేదా?”

వెటకారం అనుకుని యుగంధర్ మొహం ఎర్రబడింది. సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తానన్నాడు, ఆమె ఫోటో వేసి, కింద ఎగవేతదారు అని రాయించి. కాకినాడలో అమ్మాయి చదివే కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంటానన్నాడు. రోజూ భోజనం వేళకి వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, తెచ్చుకున్న బిర్యానీ పొట్లం అక్కడే విప్పుకుని తిని, దారిన పోయేవాళ్ళకి వినబడేలా ఆమె చుట్టాల పేర్లు ఒక్కొక్కటీ చదివి ఫోన్లు చేసేవాడు. అతను ఉన్నంతసేపూ శ్రీనివాసరాజు చెరువుల దగ్గరే ఉండేవాడు. ఎప్పుడూ లేనిది, చెరువుల మీద అంత ప్రేమ!

ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది. “నా పేరున అప్పెందుకు తీసుకున్నారండి?”

“ఆడవాళ్ళ పేరైతే వడ్డీ తక్కువన్నారు. నీకు చెబితే మాత్రం ఏం అర్థమవుతుంది? చేప పులుసు వెయ్యి.” పులుసు కలుపుకున్నాక మిగతాది చెప్పాడు. “పెనుగొండలో మీ అమ్మ నీకిచ్చిన కొబ్బరితోట ఉందిగా. అది రాసిచ్చేస్తే వాళ్ళు సెటిల్మెంట్ చేస్తారు. శుక్రవారం రిజిస్ట్రారాఫీసుకి వెళ్దాం.”

పసుపు కుంకుమ కింద తల్లి రాసిన తోట అది. దాని మీద వచ్చే డబ్బులు ఆమె ఎవరికీ లెక్క చెప్పకుండా ఖర్చు పెట్టుకునేది. కూతురు మంజుషని ఇంటర్తో మాన్పిస్తానని తండ్రి అన్నప్పుడు పిల్లని ఇంజనీరింగులో చేర్చింది ఆ కొబ్బరికాయలే. ఇంకా ఏడాది చదువుంది. తోట పోతే ఆ చదువూ ఆగుతుంది, తనకంటూ ఉన్నదీ పోతుంది.

“నేను తీసుకోని అప్పుకి నా తోటెందుకండీ?”

“తీసుకోలేదని ఎలాగంటావు? ఫోన్లో నీ నోటితో ఒప్పుకున్నావుగా.”

అది నిజమేనని మర్నాడు చుట్టాలందరికీ తెలిసింది. అప్పు ఇచ్చేముందు కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి మాట్లాడిన రికార్డింగు యుగంధర్ వాళ్ళందరి ఫోన్లకీ పంపాడు. పెనుగొండ నుంచి అన్నయ్య కాశీవిశ్వనాథరాజు ఫోన్ చేశాడు. “నీ గొంతేగదమ్మా? తీసుకుని తీసుకోలేదని అంటే మన ఇంటి పరువేం కాను? సంతకం పెట్టేసెయ్యి తల్లీ.”

మధ్యాహ్నం గిన్నెలన్నీ బోర్లించి, అన్నయ్య తన ఫోన్‌కి పంపిన ఆ రికార్డింగు విందామని, మంజుష సెలవులకొచ్చి మర్చిపోయిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది జానకీదేవి. తన గొంతు బయటినుంచి వినడం ఆమెకి అదే మొదలు. “జానకీదేవి గారేనా అండి?” “ఆయ్, నేనేనండి.” ఎంత మర్యాదగా ఉందో ఆ గొంతు! సిగ్గుతో చచ్చిపోయింది. అప్పుడు గుర్తుకొచ్చింది. ఆవకాయ రోజు. రెండు చేతులకీ ఆవపిండీ నూనే. ఆయనే ఫోన్ తెచ్చి చెవి దగ్గర పెట్టాడు, బ్యాంకువాళ్ళు ఆధార్ సరిచూస్తున్నారని చెప్పి.

మళ్ళీ వింది. విన్నకొద్దీ ఒక ప్రశ్నకీ దాని జవాబుకీ మధ్య ఉన్న ఖాళీ మీద ఆమెకి ఆసక్తి పెరిగింది. వ్యాపారం కోసం రుణం తీసుకోవడం మీకు సమ్మతమేనా అని ఆ అమ్మాయి అడిగాక జవాబు వెంటనే రాలేదు. శబ్దం పూర్తిగా పెంచింది. దూరంగా, మొహం పక్కకి తిప్పి అడిగినట్టు, తన గొంతే: “ఏం వ్యాపారమండీ?” వెంటనే మగ గొంతు, గుసగుసగా: “నీకెందుకు, అవునను.” ఆ తర్వాతే, “ఆయ్, అవునండి.”

జానకీదేవి ఇయర్‌ఫోన్లు తీసేసింది. తను అడిగింది! ఏ రోజూ ఏదీ అడగని మొద్దునని ఇంతకాలం తనని తనే తిట్టుకుంది, అత్తగారి మాటలు అరువు తెచ్చుకుని మరీ. చేతులకి ఆవపిండితో, ఆ హడావుడిలో కూడా తను అడిగింది. జవాబు చెప్పాల్సినవాడే నోరు నొక్కాడు. చుట్టాలంతా ఒప్పుకున్న మాటే విన్నారు గానీ దాని ముందున్నది ఎవరికీ పట్టలేదు. ఆమెకి ఏడుపు వచ్చింది, చాలా సంతోషం కూడా వేసింది.

శుక్రవారం పొద్దున్న కారు మాట్లాడాడు శ్రీనివాసరాజు. కాగితాలు పట్టుకుని యుగంధర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జానకీదేవి ఎవరూ పంపకుండానే వరండాలోకి వచ్చి, ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. తన ఫోన్లో రికార్డింగు పెట్టింది, ఎదురింటిదాకా వినబడేలా.

“ఏం వ్యాపారమండీ?” “నీకెందుకు, అవునను.”

యుగంధర్ చేతిలో కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇదేదో... గమనించలేదండి.”

“మీ కంపెనీ అమ్మాయికి కూడా వినబడే ఉంటుందండి. అయినా తర్వాతి ప్రశ్నలోకి వెళ్ళిపోయింది. మా వాళ్ళందరికీ దీన్ని మీరే పంపారు కాబట్టి నేను తయారు చేశానని ఎవరూ అనలేరు. మీరు కాలేజీ పేరెత్తి బెదిరించిందీ, ఇక్కడ కూర్చుని అరిచిందీ కలిపి రాసి మీ పై ఆఫీసుకీ, పోలీస్ స్టేషనుకీ ఇస్తున్నాను. తోట రాయనండి.”

“లోపలికి రా!” అన్నాడు శ్రీనివాసరాజు. తలుపు చాటునుంచే అన్నాడు.

యుగంధర్ గొంతు తగ్గించాడు. “ఇంతకీ ఆ మగ గొంతు ఎవరిదండీ?”

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన రోజున ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పించింది. సిగ్గుతో తలొంచుకుని, ఎవరికీ వినబడకుండా చెప్పింది జానకీదేవి. మళ్ళీ ఎప్పుడూ ఆ పేరు నోటి వెంట రాలేదు. అది గట్టిగా అంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది ఆమెకి.

“శ్రీనివాసరాజు గారిదండి,” అంది. “గొంతూ ఆయనదే, అప్పూ ఆయనదే.”